ఆరొందల కాయల రాశి

2006 సెప్టెంబరు పద్నాలుగున, మధ్యాహ్నం మూడు నలభైకి, రాజోలుకు ఏడు కిలోమీటర్ల దూరంలో కాలేజీ బస్సు ఒక ఆటోను గుద్దింది. బస్సులో ముప్పై ఒక్కమంది విద్యార్థులున్నారు. వాళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆటో నడుపుతున్న చిట్టికి కుడికాలు విరిగింది. బస్సు నడుపుతున్నది నూకరాజు. అతనికి నలభై ఆరేళ్లు. స్టీరింగు పట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు అతని బండి కింద కోడి కూడా పడలేదు.

ఆటో పుంతలోంచి రోడ్డెక్కింది. ఎడ్లబండి పట్టేంత ఆ దారి పక్కనే వీరాయమ్మ కొబ్బరితోట ఉంది. ఆ రోజు పుంత మూలన, రోడ్డు అంచున, దింపిన కాయల రాశి ఉందని, దాని వెనక నుంచి వచ్చిన ఆటో తనకు కనపడలేదని నూకరాజు చెప్పాడు. వారం తర్వాత కాలేజీ వాళ్లు వచ్చి చూశారు. అక్కడ రాశి లేదు. దింపిన కాయ రోడ్డు పక్కన ఎన్నాళ్లో ఉండదు. లారీ వస్తే ఎత్తుకుపోతుంది. మళ్లీ దింపు నెలన్నర దాటాకే.

కాయను తోట లోపలే పోయించానని వీరాయమ్మ చెప్పింది. చిట్టికి ఆసుపత్రిలో కళ్లు తెరిచిన తర్వాతవే గుర్తున్నాయి. బస్సులో ముందు సీటు పిల్లలు నిద్రపోతున్నారు. ఊళ్లో రాశిని చూసినవాళ్లు ఉన్నారు. వీరాయమ్మకు ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

విచారణ తేలేదాకా బస్సు ఎక్కవద్దని కాలేజీ నూకరాజుకు కాగితం ఇచ్చింది. అక్టోబరు నాలుగున కాలేజీ కరస్పాండెంటు నారాయణమూర్తి నూకరాజును పిలిపించాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది.

"సంతకం పెట్టెయ్ నూకరాజూ. అజాగ్రత్తగా నడిపేనని ఒక్క ముక్క. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. నీడపట్టున కూర్చుంటావు."

"బస్సులోనూ నీడేనండి."

"హాస్యాలాడకు."

"హాస్యం కాదండి. చెయ్యని తప్పు మీద సంతకం పెట్టనండి."

"అయితే పద్నాలుగో తారీకు శనివారం విచారణ. సాక్ష్యం ఉంటే తెచ్చుకో. లేకపోతే స్టీరింగు సంగతి మర్చిపో."

"ఆయ్. తెచ్చుకుంటానండి," అన్నాడు నూకరాజు. సాక్ష్యం ఎక్కడుందో అప్పటికి అతనికి తెలియదు.

అతని చెల్లెలు సలోమి అమలాపురంలో ఒక డి.టి.పి. సెంటర్లో పని చేస్తుంది. పెళ్లిపత్రికలు, ప్రార్థన కూటాల కరపత్రాలు కంపోజు చేస్తుంది. ముప్పై మూడేళ్లు. సెంటర్ వాళ్లు కొత్తవి కొన్నప్పుడు తీసేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుంది. దాని మీద సాయంత్రాలు బస్సు నడిపే ఆట ఆడుతుంది. ఆటతో వచ్చినవి మంచు కురిసే దేశపు రోడ్లు. ఆట ఫైళ్లు విప్పి సొంత రోడ్లు పెట్టుకోవచ్చని రెండేళ్ల కిందట ఇంటర్నెట్ సెంటర్లో చదివింది. అలా మార్చి కలిపినదాన్ని ఆడేవాళ్లు మాడ్ అంటారు. సలోమి మాడ్‌లో రాజోలు నుంచి పదకొండు కిలోమీటర్ల రోడ్డు ఉంది. కాలవ ఉంది, కల్వర్టులున్నాయి, చర్చి ఉంది, పంతొమ్మిది వందల కొబ్బరిచెట్లున్నాయి.

వాళ్ల తల్లి కృపమ్మ దాన్ని "బొమ్మ బస్సు" అంటుంది. "ముప్పై మూడేళ్లొచ్చేయి. బొమ్మ బస్సు నడుపుతాది," అని వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. నూకరాజు రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ తెర వైపు చూడలేదు. రోజంతా నిజం బస్సు నడిపినవాడికి అది పట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం వచ్చి చెల్లెలి వెనక నిలబడ్డాడు.

"నీ బొమ్మలో వీరాయమ్మ గారి పుంత ఉందా?"

"ఉంది."

"రాశి పెట్టగలవా?"

సలోమి వెనక్కి తిరిగి అన్న మొహం చూసింది. "పెట్టగలను. కొలతలు కావాలి," అంది.

ఆదివారం ఉదయం ఆరింటికి ఇద్దరూ టేపు పట్టుకుని వెళ్లారు. రోడ్డు వెడల్పు, పుంత వెడల్పు, మూలకు కంచె నుంచి దూరం, అన్నీ సలోమి నోటుపుస్తకంలో రాసుకుంది. వీరాయమ్మ తోటలోంచి బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక రెండెకరాల తోట తనే చూసుకుంటోంది.

"ఏం కొలుత్తున్నార్రా?"

"రోడ్డండి," అన్నాడు నూకరాజు.

"నా తోట ముందా?"

"తోట మీదేనండి. రోడ్డు గవర్నమెంటుదండి."

"రాశి లోపలే పోయించేనని చెప్పేను కదా. ఇంకా ఏటి?"

"మీరు చెప్పేరండి. నేనూ చెప్పేనండి. ఇక టేపు చెప్తదండి."

వీరాయమ్మ కంచె పట్టుకుని వాళ్లు వెళ్లేదాకా చూసింది.

మధ్యాహ్నానికి సలోమి రాశి, దాని వెనక ఆటో పెట్టింది. నూకరాజు కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద బస్సు నడిపాడు. తోటల దగ్గరికి రాగానే బొమ్మ ఆగి ఆగి కదిలింది. అరవై మీటర్ల అవతల ఏమీ లేదు. అంతా తెలుపు.

"ఈ మంచేంటి?"

"అది మంచు కాదన్నయ్యా. అంతకన్నా దూరం గీయడానికి మిషన్‌కి ఓపిక లేదు. మిగతాది తెల్లగా వదిలేస్తది."

"ఈ పేడకుప్పేంటి?"

"అదే రాశి. కాయలు విడివిడిగా పెడితే మొత్తం ఆగిపోతాది. అందుకే ఒకటే ముద్దగా పెట్టేను."

నూకరాజు లేచాడు. "మధ్యాహ్నం మూడు నలభైకి మంచేంటంటారు. ఆటో కనపడంది రాశి వల్ల కాదు, మీ చెల్లి పెట్టిన మంచు వల్ల అంటారు. పేడకుప్పని పట్టుకొచ్చి కొబ్బరికాయలంటావేంటంటారు. ఇది పనికిరాదు."

"మిషన్‌ని మార్చాలి," అంది సలోమి. "మెమరీ పెంచాలి. గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలి."

సోమవారం ఆమె అమలాపురంలో శ్యామ్ సుందర్ షాపుకు వెళ్లింది. ముందు గదిలో అమ్మకం, రిపేరు. వెనక గదిలో గంటల లెక్కన ఆటలాడుకునే నాలుగు కంప్యూటర్లు.

"టైపు కొట్టుకోడానికి గ్రాఫిక్స్ కార్డు ఎందుకండి మేడమ్? పెళ్లిపత్రిక మీద వినాయకుడు డాన్సు చెయ్యాలా?"

"చేస్తే మీ షాపుకే ముందు పత్రిక ఇస్తానండి. కార్డు చూపించండి."

మెమరీ దొరికింది. ఆమె మిషన్లో ఉన్నది 256 ఎంబీ. ఖాళీగా ఉన్న రెండో గాడిలోకి 512 ముక్క ఇచ్చాడు. కార్డు దగ్గర పని ఆగింది. ఆమె బోర్డులో కార్డు దిగే గాడి పాత రకానిది. ఏజీపీ అంటారు. ఆ ఏడాది షాపుల్లోకి వస్తున్న కార్డులు అందులో పట్టవు.

"బోర్డు మార్చండి," అన్నాడు శ్యామ్ సుందర్. "బోర్డు మారిస్తే ప్రాసెసర్ మార్చాలి. అది మారిస్తే ఇప్పుడు కొన్న మెమరీ కూడా మార్చాలి."

"అంతా మార్చేస్తే ఇంక నాదేం మిగులుతదండి?"

"కీబోర్డు."

"ఏజీపీ కార్డే కావాలండి," అని సలోమి తన ఆటలోని రోడ్డు సంగతి, చెట్ల లెక్క చెప్పింది.

"హైదరాబాదు నుంచి రావాలి. పదిరోజులు. పోనీ ఒక పని చెయ్యండి. ఆ పంతొమ్మిది వందల చెట్లూ తీసెయ్యండి. ఉన్న మిషనే పరిగెడతది."

"చెట్లు తీసేస్తే అది ఏ ఊరండి?"

"సగం తీసెయ్యండి."

"మీ తోటలో సగం కొట్టించండి. తర్వాత నేను తీస్తాను."

శ్యామ్ సుందర్ నవ్వాడు. సలోమి నవ్వలేదు. "మీ వెనక గదిలో నాలుగో మిషన్‌ది ఏజీపీ కార్డే కదండీ," అంది.

"అది అమ్మేది కాదండి."

ఆమె సంచిలోంచి తన ఆట ఉన్న సీడీ తీసింది. "పది నిమిషాలు ఆ మిషన్ ఇవ్వండి. గంటకి మీరు తీసుకునేదే తీసుకోండి."

సీడీలోంచి రోడ్డు ఎక్కడానికి ఆరు నిమిషాలు పట్టింది. సలోమి బస్సును రాజోలు వైపు నుంచి నడిపింది. తెలుపు లేదు. రోడ్డు చివరిదాకా చెట్లు కనపడ్డాయి. వాటి నీడలు కాలవలో కనపడ్డాయి. ఆమె కూడా ఆ రోడ్డును అంత దూరం చూడటం అదే మొదటిసారి. మిగతా మూడు మిషన్ల దగ్గర ఆడుతున్నవాళ్లు ఆటలు ఆపి వచ్చారు. శ్యామ్ సుందర్ వాళ్లను పక్కకు జరిపి నిలబడ్డాడు.

"ఆగండాగండి. ఆ డాబా మా మేనత్తగారిది."

"అవునండి. రంగు వెయ్యకముందుది."

అతను తెర దగ్గరికి వంగి డాబాను చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు తెచ్చాడు. "కార్డు తీసుకెళ్లండి. బదులు ఈ రోడ్డు నా మిషన్లలో పెట్టండి."

"శనివారం తర్వాత పెడతానండి."

"ఇప్పుడే పెట్టండి."

"ముందు మా అన్నయ్య నడపాలండి. తర్వాతే ఎవరైనా."

శ్యామ్ సుందర్ కార్డును వెండిరంగు కవరులో పెట్టి ఇచ్చాడు. ఆమె పవర్ సప్లై దానికి చాలదని చెప్పి, పాతదైనా దిట్టంగా ఉన్నది ఒకటి అడక్కుండానే సంచిలో వేశాడు.

మంగళవారం సాయంత్రం సలోమి మంచం మీద దుప్పటి పరిచి మిషన్ విప్పింది. పవర్ సప్లై మార్చింది. కార్డును గాడిలో పెట్టి రెండు చివరలూ నొక్కింది. కృపమ్మ మెమరీ ముక్కను తీసుకుని వెలుగుకు పెట్టి చూసింది.

"ఇంత దాంట్లో ఏముంటాదే?"

"ఆ పసుపురంగు పళ్లు ముట్టుకోకమ్మా."

"బంగారమా?"

"కొంచెం."

కృపమ్మ వేలితో ఆ పళ్లు రుద్ది చూసి ఇచ్చింది. సలోమి దాన్ని పెట్టి స్విచ్ వేసింది. తెర నల్లగానే ఉంది. పెట్టెలోంచి బీప్ శబ్దం వస్తూనే ఉంది. తీసి మళ్లీ పెట్టింది. అదే శబ్దం. మూడోసారి తీసినప్పుడు ముక్క వేళ్లకు జారింది. వాసన చూసింది. కృపమ్మ అప్పుడే తలకు కొబ్బరినూనె రాసుకుంది.

"నూనె చేత్తో పట్టుకున్నావా?"

"ఈ ఊళ్లో నూనె లేని చెయ్యి ఎవరికుందే?"

సలోమి పెన్సిలు రబ్బరు తీసి ఆ పళ్లను రెండు వైపులా రుద్దింది. రిపేరు షాపుల్లో చేసేది అదే. మళ్లీ పెట్టింది. పాతదీ కొత్తదీ కలిపి తెర మీద 768 అంకె వచ్చింది. కృపమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది. "ప్రభువా, ఈ పెట్టెకి ఓపికియ్యి," అంది.

ఆ రాత్రి నుంచి సలోమి ముద్దను తీసేసి కాయలు విడివిడిగా పేర్చడం మొదలుపెట్టింది. నాలుగు వందల మీటర్ల దాకా రోడ్డు కనపడుతోంది. ఆరువందల కాయల వరకు బస్సు ఆగకుండా నడిచింది. ఆరువందల యాభైకి పుంత దగ్గర బొమ్మ తడబడింది. ఆమె ఆరువందల దగ్గర ఆపింది.

గురువారం నూకరాజు నడిపి చూశాడు. పుంతకు నలభై మీటర్ల ముందు బస్సు ఆపాడు. రాశి నాలుగడుగుల ఎత్తు వచ్చింది. దాని పైన ఆటో టాపు కనపడుతోంది.

"ఆ రోజు రాశి నీకన్నా ఎత్తుంది," అన్నాడు.

"తెలుసు. అంత ఎత్తుకి రెండువేల కాయలు కావాలి. మిషన్ ఆరొందలకే ఆగింది. ఒక దారుంది. లోపల డొల్లగా దిబ్బ పెట్టి పైపైన కాయలు పరుస్తాను. చూసేవాళ్లకి తేడా తెలీదు."

"అడిగితే?"

"ఎవరడుగుతారన్నయ్యా?"

"వాళ్లు నా తప్పు వెతకడానికి కూర్చుంటున్నారు. లోపల ఏముందని ఒక్కడు అడిగితే ఏం చెప్తాం? ఒక్క దొంగకాయ కూడా ఉండకూడదు."

"ఆటో టాపు కనపడుతోంది. మనమే వెళ్లి ఓడిపోతాం."

"ఓడిపోతే ఓడిపోదాం. ఆరొందలకే సగం ఆటో పోయిందని చెప్తాను. మిగతాది వాళ్లిష్టం. డొల్ల మాత్రం వద్దు."

సలోమి కోపంగా మిషన్ కట్టేసింది. డొల్ల మాత్రం పెట్టలేదు.

శనివారం పదకొండింటికి విచారణ. నూకరాజు మిషన్‌ను దుప్పటిలో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాడు. మానిటర్ సలోమి పట్టుకుంది. కరస్పాండెంటు గదిలో నారాయణమూర్తి, బస్సుల వ్యవహారం చూసే ప్రకాశరావు కూర్చున్నారు. తలుపు పక్క కుర్చీలో వీరాయమ్మ ఉంది. రాశి తోట లోపలే ఉందని చెప్పడానికి కాలేజీ ఆమెను కారులో పిలిపించింది.

"విచారణకి వీడియో గేమా?" అన్నాడు నారాయణమూర్తి.

"సాక్ష్యం తెచ్చుకోమన్నారండి. మోసుకొచ్చేమండి."

"ఇది కాలేజీ అనుకున్నావా, తిరణాల అనుకున్నావా?"

"సార్, కొలతలన్నీ టేపు పెట్టి తీసినవండి," అంది సలోమి. నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. "ఒక్క అంకె తప్పుందంటే ఇక్కడే ఆపేస్తానండి."

ప్రకాశరావు పుస్తకం తిరగేశాడు. రోడ్డు వెడల్పు కాలేజీ వాళ్లు కొలిచిన దానితో సరిపోయింది. అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నేను నడుపుతాను. చూద్దాం," అన్నాడు. మొదటి కల్వర్టు దగ్గర బస్సు కాలవలోకి దిగింది.

"బండి నీళ్లలో ఉందండి," అన్నాడు నూకరాజు. "మీక్కూడా విచారణ వెయ్యాలండి."

"లేవండి ప్రకాశరావుగారూ," అన్నాడు నారాయణమూర్తి.

నూకరాజు కూర్చున్నాడు. గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో నడిపాడు. పుంతకు నలభై మీటర్ల ముందు ఆపాడు. నారాయణమూర్తి కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇదేంటి, రాశి పైన?"

"ఆటో టాపండి."

"కనపడుతోంది కదా."

"ఆయ్. కనపడుతోందండి."

"ఇంకేంటి మరి? నువ్వు తెచ్చిన సాక్ష్యమే నీ తప్పు చెప్తోంది."

"అవి ఆరొందల కాయలండి. మిషన్ అంతే మోసింది. ఆ రోజున్నవి అంతకి మూడింతలండి."

"ఎవరు చూసేరు?"

నూకరాజు కీబోర్డు మీంచి చేతులు తీశాడు. ప్రకాశరావు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.

వీరాయమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ గమనించలేదు. తెర ముందుకొచ్చి నిలబడింది.

"ఇది మా తోటేనేటే అమ్మాయ్?"

"ఆయ్. మీదేనండి."

"ఆ వంగిన చెట్టు కూడా పెట్టేవే. మా ఆయన నాటింది అది."

"ఉన్నవన్నీ పెట్టేనండి."

ఆమె వేలు రాశి మీదకు వచ్చింది. "ఇన్ని కాయలూ విడివిడిగా పెట్టేవా? ఎన్నన్నాడు మీ అన్న?"

"ఆరొందలండి."

"ఆరొందలా?" వీరాయమ్మ గొంతు పెరిగింది. "మా తోటకి ఆరొందలా? తెగులొచ్చిన తోటనుకున్నావా మాది? ఎవరైనా చూత్తే నవ్వరా? రెండువేల నూట యాభై కాయ దిగింది ఆ దింపుకి. లారీవాడు కూడా అడిగేడు, ఏటి పెద్దమ్మా ఈసారి రాశి బస్సు అద్దం దాకా వచ్చిందని!"

ప్రకాశరావు కలం ఆగింది.

"ఎక్కడొచ్చింది పెద్దమ్మా, అద్దం దాకా?" అన్నాడు నూకరాజు.

ఆమె తెర వైపు చూసింది, నారాయణమూర్తి వైపు చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది.

"తోట లోపలికి లారీ రాదు కదండీ," అంది నెమ్మదిగా. "ఎప్పుడూ ఆ మూలనే పోయిత్తాం. చిట్టిగాడు వచ్చి వైద్యం ఖర్చు నా నెత్తినేత్తాడేమోనని లోపలన్నాను."

నారాయణమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"సరే నూకరాజూ. సోమవారం నుంచి బండి తీసుకో."

"కాగితం మీద రాయండి."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నన్ను ఆపింది కాగితం మీదండి. ఎక్కించడం కూడా దాని మీదే ఎక్కించండి."

నారాయణమూర్తి ఐదు వాక్యాలు రాసి ఇచ్చాడు. నూకరాజు నిలబడి చదివి బల్ల మీద పెట్టాడు.

"ఈ చివరి వాక్యం తీసెయ్యండి. ఇకపై జాగ్రత్తగా నడపాలని హెచ్చరించడమైనది అని ఉందండి."

"అది అందరికీ రాసేదేనయ్యా."

"నాకు రాయకండి."

ప్రకాశరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నారాయణమూర్తి ఇంకో కాగితం తీసి నాలుగు వాక్యాలు రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర వేయించాడు. నూకరాజు మళ్లీ మొత్తం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సలోమి తీగలు విప్పుతోంది.

"అమ్మాయ్, ఆ ఆటలోంచి ఇదంతా తీసెయ్," అన్నాడు నారాయణమూర్తి. "కాలేజీ పేరు బయటికి పోతుంది."

"బస్సు మీద కాలేజీ పేరు లేదండి. కావాలంటే రాస్తాను."

అతను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

వీరాయమ్మ మెట్ల దాకా వాళ్ల వెనకే వచ్చింది. కారు ఆమె కోసం ఆగి లేదు. ఆమె నూకరాజును ఆపింది.

"నవంబరు మొదట్లో దింపుందిరా. రాశి ఎక్కడ పోసుకోను మరి?"

"పుంతకి అవతల పోసుకోండి. రోడ్డుకి పది గజాలు లోపలికి."

"అక్కడ లారీవాడు ఎత్తడు. ఇక్కడే పోత్తాను. ఏం చేత్తావు?"

"బస్సు అక్కడే ఆపేస్తానండి. మీరు ఆఖరి కాయ ఎత్తేదాకా కదల్చనండి. ముప్పై ఒక్కమంది పిల్లలూ దిగి మీ తోటలో కూర్చుంటారు. బొండాలు అడుగుతారు."

వీరాయమ్మ అతని మొహంలోకి చూసింది.

"బెదిరిత్తన్నావా?"

నూకరాజు మిషన్‌ను భుజం మీదికి ఎత్తుకున్నాడు.

"ఆయ్," అన్నాడు.